నాలుగు దింపుళ్ళ దారి

రాఘవమ్మ ఇరవై ఆరేళ్ళు చేపల తట్ట మోసింది.

కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవలు ఒడ్డు పట్టేవి. అక్కడ తట్ట నింపుకుని, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మడ అడవి ఉన్న ఇసుక నాలుక మీద మూడు కిలోమీటర్లు నడిస్తే తారు రోడ్డు వచ్చేది. అక్కడ బస్సు ఎక్కి కోడూరు, అవనిగడ్డ. కవళ్ళ చేపలు బాగా పడిన రోజుల్లో బందరు దాకా వెళ్ళేది.

ఇప్పుడు పడవలు అక్కడ ఆగడం లేదు. ఐసు వ్యాన్లు వచ్చే రేవు వేరే ఉంది. మొగ దగ్గరికి ఇప్పుడు చేపల కోసం ఎవరూ వెళ్ళరు. చూడ్డానికి వెళ్తారు. ఆదివారాల్లో గుడివాడ, విజయవాడ నుంచి కార్లు వస్తాయి. రోడ్డు చివర ఆగి, నీళ్ళలో కాళ్ళు తడుపుకుని, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నది సముద్రంలో కలిసే చోటు ఇంకా మూడు కిలోమీటర్లు అవతల ఉందని చాలామందికి తెలియదు.

ఆ సంగతి బందరు టూరిజం ఆఫీసులో ఎవరికో తట్టింది. రోడ్డు చివరినుంచి మొగ దాకా చూడవచ్చినవాళ్ళని తీసుకెళ్ళే ఏర్పాటు ఒకటి చెయ్యాలన్నారు. ఊళ్ళో ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు నాగబాబు. అతనికి ట్రాక్టరు ఉంది. తొట్టిలో కుర్చీలు వేసి ఇసుక మీద తీసుకెళ్తానన్నాడు. రెండోది రాఘవమ్మ. నడిపించి తీసుకెళ్తానంది.

ఆఫీసు తరఫున దుర్గ వచ్చింది. కోడూరు పిల్ల. డిగ్రీ చదివింది, కాంట్రాక్టు మీద పని చేస్తోంది. ఇద్దరిలో ఒకరికే అనుమతి అని చెప్పింది. ట్రాక్టరు తిరిగితే నడిచేవాళ్ళు ఉండరు, నడిచేవాళ్ళు ఉంటే ట్రాక్టరు తిరగకూడదు. ముందు నడక ఎట్లా ఉంటుందో ఒకసారి చూసి రిపోర్టు పంపమన్నారు. దుర్గ చేతిలో ఒక కాగితం ఉంది. అందులో ప్రశ్నలున్నాయి. ఆఖరి ప్రశ్న: చివరి స్థానం చేరారా? అవును, కాదు.

"అన్నిటికంటే అదే చూస్తారు పిన్నీ," అంది దుర్గ. "మొగ దాకా తీసుకెళ్ళి, క్షేమంగా వెనక్కి తీసుకురావాలి. అంతే."

"అంతేగా," అంది రాఘవమ్మ.

నాగబాబు ఆమెకి మేనల్లుడి వరస. ట్రాక్టరు మీద కూర్చునే నవ్వాడు.

"అత్తా, కాళ్ళు నొప్పులు పుట్టేదానికి గుడివాడ నుంచి ఎవడొస్తాడే? ఆ నొప్పులేవో వాళ్ళూళ్ళోనే దొరుకుతాయిగా."

"నీ ట్రాక్టరెక్కితే నడుము నొప్పులు. ఏ నొప్పి కావాలో వాళ్ళే తేల్చుకుంటారు లేరా."

ఆ మాట నవ్వుతూనే అంది గానీ రాత్రి ఆమెకి సరిగ్గా నిద్ర పట్టలేదు. తట్ట దించేసి ఆరేళ్ళయింది. కొడుకు బోటు మీదికి వెళ్తాడు, కోడలు రొయ్యల షెడ్డుకి వెళ్తుంది. ఇంట్లో తిండికి లోటు లేదు. కానీ ఆమెకి తెలిసిన దారి ఒకటే ఉంది. ఆ దారిలో మళ్ళీ పనిమీద నడవాలని ఆమెకి ఉంది. ఊరికే నడిస్తే పిచ్చిదంటారు.

*

మార్గశిర బహుళ షష్ఠి. తెల్లవారుజామున లేచి రాఘవమ్మ లెక్క చూసుకుంది. ఏడున్నర దాటాక పాటు. నీళ్ళు పూర్తిగా తీసి ఉంటాయి. ఆ తర్వాత పోటు మొదలవుతుంది. దారిలో ఒక చిన్న పాయ ఉంది. సముద్రం నీళ్ళు ఇసుకని కోసుకుని మడ అడవిలోకి వెళ్ళే చోటు. పాటులో అది మోకాలి లోతు. పోటులో మనిషి మునుగుతాడు. తొమ్మిది లోపల దాటి వెనక్కి వచ్చెయ్యాలి. ఆరున్నరకల్లా బయల్దేరితే బోలెడంత టైము ఉంటుంది.

నడిచి చూస్తామని గుడివాడ నుంచి బయల్దేరినవాళ్ళ కారు ఆరున్నరకి రాలేదు. ఏడుకి రాలేదు. డ్రైవరు దారి తప్పి నాగాయలంక వైపు వెళ్ళాడట. ఏడుంపావుకి వచ్చారు.

భార్యాభర్తలిద్దరు. సుబ్రహ్మణ్యంగారు బందరు కోర్టులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరై, ఇప్పుడు గుడివాడలో ఉంటున్నారు. సన్నగా, కొంచెం వంగి ఉన్నారు. తలకి మఫ్లరు. భార్య శ్రీలక్ష్మిగారి చేతిలో పెద్ద సంచీ ఉంది. అందులో మంచినీళ్ళు, మాత్రలు, ఇడ్లీలు, ఇంకో మఫ్లరు.

"మెల్లగా నడిపించమ్మా," అంది శ్రీలక్ష్మి. "ఈయనకి మొన్న శ్రావణంలో గుండెకి ఆపరేషనయింది. నడవమని డాక్టరే చెప్పాడనుకో. కాలవ గట్టు మీద నడవరాదా అంటే వినరు. ఇక్కడికే రావాలట."

"కాలవ గట్టుకి హద్దు నాకు తెలుసు లక్ష్మీ," అన్నాడాయన. రాఘవమ్మ వైపు తిరిగాడు. "ఈ లంక భూముల దస్తావేజులు ఎన్ని నకళ్ళు రాశానో లెక్క లేదమ్మా. ఉత్తరం ఫలానావారి చేను, పడమర ఫలానావారి దిబ్బ, దక్షిణం సముద్రం. దక్షిణపు హద్దు సముద్రం, దక్షిణపు హద్దు సముద్రం. అట్లా రాస్తూనే రిటైరయ్యాను. మంగినపూడి తప్ప నేను వేరే సముద్రం చూడలేదు. ఆ హద్దేదో ఒకసారి చూద్దామని."

నలుగురూ నడవడం మొదలుపెట్టారు. రాఘవమ్మ ముందు, దుర్గ వెనక. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తడి ఇసుక గట్టిగా ఉంది. ఎర్ర పీతలు మనుషుల్ని చూసి కన్నాల్లోకి దూరుతున్నాయి, దాటిపోయాక బయటికి వస్తున్నాయి. సుబ్రహ్మణ్యం ప్రతి పది అడుగులకీ ఆగి వాటిని చూశాడు. రాఘవమ్మ తొందరపెట్టలేదు. ఎండ ఎంత ఎక్కిందో మాత్రం చూసుకుంది.

సరుగుడు తోపు చివర, ఇసుక కొంచెం మిట్టగా, గట్టిగా ఉన్న చోట ఆమె ఆగింది.

"ఇది మొదటి దింపుడండి. కూచోండి."

శ్రీలక్ష్మి కూర్చోబోతూ సగంలో ఆగిపోయింది.

"ఏంటీ?"

"దింపుడండి. ఇది మొదటిది. ముందర ఇంకా మూడున్నాయి."

శ్రీలక్ష్మి నిటారుగా లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది.

"ఆపరేషనయి లేచిన మనిషిని పట్టుకుని ఏం మాటమ్మా అది? ఇక్కడ దింపుడంటావు, ముందర ఇంకా మూడంటావు! పొద్దున్నే ఏ నోటితో అంటున్నావు?"

రాఘవమ్మకి అర్థం కాలేదు. దుర్గ వైపు చూసింది. దుర్గ దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. శ్మశానానికి తీసుకెళ్తూ దారిలో పాడెని ఒకచోట దించుతారు. పోయిన మనిషిని చెవిలో పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. దాన్ని శ్రీలక్ష్మిగారి వాళ్ళ వైపు దింపుడు కళ్ళం అంటారు. రాఘవమ్మ వాళ్ళ పల్లెలో ఆ చోటుని ఉత్త కళ్ళం అనే అంటారు. దింపుడంటే తట్ట దింపుకునే చోటు, అంతే. ఈ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి నిలబడగలవని ఆమెకి ఇన్నేళ్ళలో తట్టలేదు.

"అయ్యో, అది కాదమ్మగారూ. మేం బరువు దింపుకునే…"

"ఇక చాల్లే. పదండీ, కారెక్కుదాం."

సుబ్రహ్మణ్యం అప్పటికే కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు కూడా.

"నన్ను మోసుకెళ్ళి దించాలంటే నలుగురు మగాళ్ళు కావాలి లక్ష్మీ. ఇక్కడున్నది ముగ్గురు ఆడవాళ్ళు. నీకేం భయం లేదు."

"నోరు ముయ్యండి మీరు!"

ఆమె నిజంగానే వెనక్కి బయల్దేరింది. వంద అడుగులు వెళ్ళి ఆగింది. ఆయన లేవలేదు. ఆమె తిరిగి వచ్చి పోట్లాడింది. ఐసీయూ బయట కుర్చీలో పదకొండు రాత్రులు కూర్చున్న సంగతి చెప్పింది. ఆ మాట వినడానికా ఇంత దూరం వచ్చింది అంది. ఆయన అన్నీ విన్నాడు. హద్దు చూశాక ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానన్నాడు. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. ఆ మాట మళ్ళీ ఎవరి నోటా రాకూడదు.

అప్పటికి ముప్పావుగంట గడిచింది. సముద్రం ఎంత దూరం తీసిందో రాఘవమ్మ చూసింది. ఇక తియ్యదు. ఇక్కడి నుంచి రావడమే.

*

రెండోది విరిగిన పడవ దగ్గర. పడవలో సగం ఇసుకలో కూరుకుపోయింది. మిగతా సగం మీద బాలబంద తీగ పాకింది.

"ఇది రెండో…" అని రాఘవమ్మ ఆగింది. "రెండో కూచునే చోటండి."

దుర్గ నవ్వు ఆపుకుంది. సుబ్రహ్మణ్యం ఆపుకోలేదు. శ్రీలక్ష్మి వాళ్ళకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. రాఘవమ్మ నిలబడే ఉంది.

"నువ్వు కూర్చోవేమమ్మా?" అన్నాడాయన.

"అలవాటు లేదండి. ఎత్తేవాళ్ళు ఉంటేనే కూచునేవాళ్ళం."

"అదేమిటి?"

ఆమె చెప్పింది. ఎక్కువ మాటలు వాడలేదు. చేపలతో తట్ట ముప్పై కిలోలుంటుంది. దించుకోవడం ఒక మనిషి పని. తిరిగి నెత్తిన పెట్టుకోవడం ఒక మనిషి వల్ల కాదు. ఇంకో చెయ్యి పడాలి. అందుకని ఎక్కడ పడితే అక్కడ దించకూడదు. వెనక వచ్చే మనిషి కనిపించే చోటే దించాలి. అట్లాంటివి ఈ దారిలో నాలుగు. ఆ రోజుల్లో లెక్క మొగ దగ్గర మొదలయ్యేది. ఇప్పుడు రోడ్డు దగ్గర మొదలవుతోంది. తిరగేసి చెప్పడం ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు.

"నాకు ఎత్తే మనిషి వెంకటలక్ష్మండి. తనకి నేను ఎత్తేదాన్ని. ఇరవై రెండేళ్ళు. ఒకనాడు పోట్లాడుకుని మాటలు మానేశాం. మాటల్లేకపోయినా దింపుడు…" నాలిక కరుచుకుంది. "ఆ చోటుకొచ్చేసరికి ఒకళ్ళ కోసం ఒకళ్ళం ఆగేవాళ్ళం. ఎత్తడం, పోవడం. రెండు నెలలు అట్టాగే నడిచింది."

"ఎందుకు పోట్లాడుకున్నారు?" అంది దుర్గ.

"నా కవళ్ళ కంటే తన కవళ్ళు తాజావని బేరగాడితో చెప్పింది."

"నిజమేనా?"

"నిజమే. అందుకేగా కోపం."

వీపు పెట్టి కూర్చున్న శ్రీలక్ష్మి భుజాలు కొంచెం కదిలాయి. నవ్విందో దగ్గిందో తెలియలేదు.

"ఇప్పుడావిడ ఏదీ?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"ఆరేళ్ళయిందండి, పోయి. జ్వరంతో. ఆ వారమంతా తట్ట తీసుకెళ్ళాను. ఎత్తేవాళ్ళు లేక, మొగ దగ్గర ఎత్తించుకున్నది మళ్ళీ రోడ్డు దాకా దించలేదు. మెడ పడిపోయింది. ఇక మానేశాను."

రాఘవమ్మే ముందు కదిలింది.

*

మూడోది పాయ ఒడ్డున. అక్కడికి చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ.

అవతలి ఒడ్డు ముప్పై గజాల దూరం. అక్కడినుంచి మొగ కనిపిస్తుంది. తెల్లటి గీతలాగా నీళ్ళు నీళ్ళని కొట్టుకునే చోటు. సుబ్రహ్మణ్యం చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు.

"అదేనా?"

"అదేనండి."

రాఘవమ్మ పాయలోకి దిగింది. మోకాళ్ళు దాటలేదు. నడుమ పాతిన సరుగుడు కర్ర దగ్గర ఆగి కిందికి చూసింది. నురుగు లోపలికి, అడవి వైపు కదులుతోంది. మెల్లగా. ఇప్పుడు దాటవచ్చు. ఏ ఇబ్బందీ లేదు. అవతల పదిహేను నిమిషాలు నడక. అక్కడ ఆయన చూసుకోవడానికి పది నిమిషాలు. మళ్ళీ పదిహేను. ఆయన నడకకి ఇంకో పది. అప్పటికి ఇక్కడ నీళ్ళు నడుము పైకి వస్తాయి. తను దాటగలదు. దుర్గ దాటగలదు.

దుర్గ చేతిలో కాగితం ఉంది. ఆఖరి ప్రశ్న ఆమెకి గుర్తుంది.

ఆమె వెనక్కి వచ్చింది.

"ఇవాళ ఇంతేనండి. వెనక్కి పోదాం."

"అదేంటి పిన్నీ, నీళ్ళు మోకాళ్ళే ఉన్నాయిగా," అంది దుర్గ. గొంతు తగ్గించింది. "చేరకపోతే 'కాదు' అని పెట్టాలి నేను."

"పెట్టు."

అప్పుడే వెనకనుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. నాగబాబు తొట్టి లేకుండా ఉత్త ఇంజనుతో వచ్చాడు. ఎప్పటినుంచి వెనక వస్తున్నాడో.

"ఏంటత్తా, ఆగిపోయారు? రండి బాబుగారూ, ఎక్కండి. రెండు నిమిషాల్లో అవతల దింపుతా. అమ్మగారిని కూడా."

సుబ్రహ్మణ్యం ట్రాక్టరు వైపు చూశాడు, మొగ వైపు చూశాడు. ఎక్కాలని ఆయనకి ఉన్నట్టు తెలుస్తూనే ఉంది.

రాఘవమ్మ ట్రాక్టరుకి అడ్డంగా నిలబడింది.

"కార్తీకంలో ఇక్కడే నీ చక్రం ఇసుకలో దిగబడింది. ఎప్పుడు లేచింది?"

"అప్పుడు తొట్టి ఉందే! పదిమంది ఉన్నారు."

"ఎప్పుడు లేచిందిరా?"

"మధ్యాన్నం."

"మనుషులు దిగితే నువ్వు ఎక్కిస్తావు. నీ బండే దిగబడితే ఎత్తేదెవరు? ఆయన గుండె కుట్టించుకుని వచ్చాడు. అవతల చిక్కుకుంటే మళ్ళీ నీళ్ళు తీసేదాకా ఎండలో కూచోబెడతావా? ఎత్తే చెయ్యి లేనిచోట నేను దించను. పో."

"నీ మీద నువ్వే 'కాదు' అని రాయించుకుంటున్నావత్తా."

"రాయించుకుంటా. పో."

నాగబాబు దుర్గ వైపు చూసి భుజాలెగరేశాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. చక్రాల గాడిలోకి నీళ్ళు ఊరాయి.

శ్రీలక్ష్మి ఇదంతా చూస్తూ నిలబడింది. సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి ముందు రాఘవమ్మకి ఇచ్చింది.

*

వెనక్కి వచ్చేటప్పుడు విరిగిన పడవ దగ్గర మళ్ళీ ఆగారు. ఇడ్లీలు తిన్నారు. సుబ్రహ్మణ్యం చులాగ్గా లేచాడు. శ్రీలక్ష్మి లేవలేకపోయింది. మోకాళ్ళు పట్టేశాయి. చెయ్యి ఆనిస్తే ఇసుక జారిపోతోంది.

"ఇదేం ఖర్మ! ఈయన్ని నేను పట్టుకోవాల్సింది పోయి."

రాఘవమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి పెట్టింది. రెండు చేతులూ ఆమె మోచేతుల కింద పెట్టింది. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చింది.

"శ్రీలక్ష్మమ్మగారూ."

"ఆఁ."

ఒక్క ఊపులో లేపింది. శ్రీలక్ష్మి నిలబడి, చీర దులుపుకుని, ఆమె ముఖంలోకి చూసింది.

"ఎదురుగా ఉన్నదాన్ని పేరు పెట్టి ఎందుకు పిలిచావు?"

"ఎత్తేముందు పిలుస్తామండి. పలికితేనే ఎత్తాలి. ఏదో ఆలోచిస్తూ ఉన్నప్పుడు ఎత్తితే బరువు మెడ మీద పడిపోతుంది."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీనండి. పోట్లాడుకున్న రోజుల్లోనూ వెంకటలక్ష్మి నా పేరు మాత్రం పిలిచేది. ఆఁ అనేదాన్ని. అంతకుమించి మాటల్లేవు."

శ్రీలక్ష్మి కొంత దూరం నడిచింది. తర్వాత తనలో తను అన్నట్టు అంది.

"అక్కడా పేరు పెట్టే పిలుస్తారు."

"అక్కడ పలకరు గదండీ," అంది రాఘవమ్మ.

రోడ్డు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. డ్రైవరు తలుపులు తీసుకుని నిద్రపోతున్నాడు. సుబ్రహ్మణ్యం ఎక్కి కూర్చున్నాడు. శ్రీలక్ష్మి ఎక్కబోతూ ఆగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తే అవతలికి వెళ్ళచ్చు?"

"ఎల్లుండండి."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "ఎల్లుండి అష్టమి."

"అవునండి. అష్టమే కావాలి. అష్టమికి పోటూ పెద్దగా రాదు, పాటూ పెద్దగా తియ్యదు. నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. పొద్దున తొమ్మిదిన్నర దాకా తీస్తూనే ఉంటుంది. మీరు ఎంత మెల్లగా నడిచినా సరిపోద్ది."

"అష్టమి నాడు మేం గడప దాటమమ్మా. పెళ్ళయిన దగ్గర్నుంచి దాటలేదు."

"మాకు సముద్రం మంచిగా ఉండేది ఆ రోజేనండి," అంది రాఘవమ్మ.

కారు వెళ్ళిపోయింది.

దుర్గ స్కూటీ సీటు మీద కాగితం పెట్టి రాసింది. కాదు దగ్గర గీత పెట్టింది. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, పక్కన ఒక వాక్యం చేర్చింది. నీరు పెరుగుతున్నందున దారి చూపినామె వెనక్కి తీసుకువచ్చినది.

సాయంత్రానికి బందరు నుంచి ఫోను వచ్చింది. ఇంకొక్కసారి చూడమన్నారు. ఈ వారం లోపల. అప్పుడూ కాకపోతే ట్రాక్టరుకి ఇచ్చేస్తామన్నారు.

"ఈ వారంలో నడిచేవాళ్ళని ఎక్కడినుంచి తెస్తాం పిన్నీ?" అంది దుర్గ.

మర్నాడు సప్తమి. ఎవరూ రాలేదు. నాగబాబు తొట్టికి నీలం రంగు వేస్తున్నాడు. రాఘవమ్మ అటువైపు వెళ్ళినప్పుడు బ్రష్షు పైకెత్తి చూపించాడు.

"అత్తా, ముందు సీటు నీదే. నువ్వు కూచుని దారి చెబుదువుగాని."

"దారి తెలియనివాడికి బండెందుకురా," అంది గానీ ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమెకి అన్నం సయించలేదు.

*

అష్టమి పొద్దున ఏడింటికి ఆమె రోడ్డు చివర నిలబడింది. వస్తామని ఎవరూ చెప్పలేదు. దుర్గకి కూడా రమ్మని చెప్పలేదు. అయినా దుర్గ వచ్చింది.

ఏడూ ఇరవైకి కారు వచ్చింది. ఈసారి దారి తప్పలేదు. బంపరుకి కొత్తగా నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టి ఉన్నాయి. సుబ్రహ్మణ్యం దిగి, వాటివైపు చూపించి, ఏమీ అనవద్దన్నట్టు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

శ్రీలక్ష్మి దిగింది. కాళ్ళకి బూట్లు వేసుకుంది. చీర మీద బూట్లు.

"సప్తమి ఘడియలు ఇంకా కొన్ని ఉన్నాయి," అంది ఎవరూ అడక్కుండానే. "పంచాంగం చూశాను. ఆ లోపల గడప దాటాం. పద."

సరుగుడు తోపు దగ్గర కూర్చున్నారు. పడవ దగ్గర కూర్చున్నారు. రాఘవమ్మ కూచునే చోటు అనే అంది, రెండుసార్లూ. పాయ దగ్గరికి ఎనిమిదిన్నరకి చేరారు. నీళ్ళు మోకాలి కింద ఉన్నాయి. నురుగు బయటికి, సముద్రం వైపు వెళ్తోంది. రాఘవమ్మ కర్ర దగ్గర ఆగి చూసి, తలూపింది. సుబ్రహ్మణ్యం పంచె ఎగ్గట్టుకున్నాడు. శ్రీలక్ష్మి బూట్లు చేత్తో పట్టుకుంది. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని దాటారు.

నాలుగోది మొగ దగ్గర. అక్కడ నేల అయిపోతుంది. కుడి పక్క కృష్ణ, మట్టి రంగులో. ఎదురుగా సముద్రం. మధ్యలో గీత ఉంది, అది ఒకచోట నిలబడదు. ఉల్లంకి పిట్టలు ఆ గీత వెంట పరుగెత్తి వెనక్కి వస్తున్నాయి.

సుబ్రహ్మణ్యం ఎంత దూరం వెళ్ళవచ్చో అంత దూరం వెళ్ళి నిలబడ్డాడు. అల వచ్చి పాదాలు ముంచి, వెనక్కి వెళ్ళింది.

"దక్షిణపు హద్దు ఇదన్నమాట. ఎక్కడమ్మా సరిగ్గా?"

"పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట అండి. వరదొస్తే ఇంకోచోట."

"ముప్పై నాలుగేళ్ళు ఏం రాశానో నాకే తెలియదు," అన్నాడాయన. సంతోషంగానే అన్నాడు.

అందరూ కూర్చున్నారు. దుర్గ కాగితం తీసింది. కొత్త కాగితం. అవును దగ్గర గీత పెట్టి, రాఘవమ్మకి చూపించింది. రాఘవమ్మకి చదవడం రాదు. గీత ఏ పక్క పడిందో చూసింది. మొన్న రెండో పక్క పడింది. ఇవాళ మొదటి పక్క పడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దారిలో ఆగే చోట్ల పేర్లు రాయమన్నారు," అంది దుర్గ. "బోర్డులు పెడతారట. విరామ స్థలం ఒకటి, రెండు అని రాసేస్తాను."

"అదేం పేరు?" అంది శ్రీలక్ష్మి. "బస్టాండులో రాసినట్టు. వాళ్ళు పెట్టుకున్న పేరు లేదూ?"

దుర్గ తలెత్తి చూసింది. "దింపుడు అని రాయమంటారా? చదివినవాళ్ళు మీలాగే జడుసుకుంటారండి."

"జడుసుకుంటే ఈవిడ చెబుతుంది. నాకు చెప్పలా?"

దుర్గ రాసింది. నాలుగుసార్లు రాసింది.

ఎండ ఎక్కుతోంది. ముందు సుబ్రహ్మణ్యం లేచాడు. ఆయన చెయ్యి అందిస్తే శ్రీలక్ష్మి లేచింది. దుర్గ లేచి ఇసుక దులుపుకుంది. రాఘవమ్మ ఇంకా కూర్చునే ఉంది. ఈ దారిలో ఆరేళ్ళుగా ఆమె కూర్చోలేదు. ఇవాళ ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలియలేదు.

శ్రీలక్ష్మి బూట్లు కింద పెట్టింది. వచ్చి ఎదురుగా నిలబడింది. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి పెట్టడానికి చూసింది, కుదరలేదు. మామూలుగానే నిలబడి రెండు చేతులూ చాచింది.

"రాఘవమ్మా."

రాఘవమ్మ వెంటనే పలకలేదు. పాయ వైపు ఒకసారి చూసింది. నీళ్ళు ఇంకా తీస్తూనే ఉన్నాయి.

"ఆఁ," అంది.